సగం నొక్కితే ఒక్కటే

"డెల్మర్ ప్రాణం పోతే నా బిడ్డని కుర్చీ ఎక్కిస్తారు బాబూ! కరెంటు కుర్చీ!"

డిటెక్టివ్ పైక్ కూర్చోమన్నా ఫ్లోరా కూర్చోలేదు. ఆమె కొడుకు లోవెల్, ఊరి పోలీసు అధికారి షరీఫ్ దగ్గర డిప్యూటీ. ఆదివారం ఊరంతా చర్చిలో ఉండగా జైలు పెరట్లో మెషిన్ గన్ పేలింది. చెక్క తలుపు వెనకున్న కాపలాదారు డెల్మర్ కూలిపోయాడు; ఆసుపత్రిలో కొన ఊపిరితో ఉన్నాడు. జనం వచ్చేసరికి గన్ లోవెల్ చేతిలో ఉంది. మూడు రోజులుగా అతను నోరు విప్పలేదు.

"తింటున్నాడా?"

"పంపిన రొట్టె పంపినట్టే తిరిగొస్తోంది."

జైలు పెరట్లో ఆ తలుపు పక్కన ఇసుక మూట ఉంది. మొదటి గుండు మూటలో దిగింది. తక్కిన ఆరూ పక్కకి ఎగబాకి తలుపును తూట్లు పొడిచాయి.

"పోలీసుల కోసమే చేసిన ఇంగ్రామ్ మెషిన్ గన్ అది. మార్చి ఆరున కంపెనీ మనిషొచ్చి నేర్పాడు. మాకందరికీ కొట్టినపిండే," అన్నాడు షరీఫ్ ఎమ్మెట్ రడ్. అతని బల్ల మీద ఒక్కడికి సరిపడే టిఫిన్ డబ్బా, భార్య మేబెల్ అంత్యక్రియల కార్డు ఉన్నాయి. కార్డు మీది తేదీని పైక్ సహాయకురాలు నీనా రాసుకుంది.

పైక్ ఖాళీ గన్ లోవెల్ చేతికిచ్చి, ఎలా పేలుతుందో చూపమన్నాడు. లోవెల్ ట్రిగ్గర్ సగం నొక్కి ఒక వేలు చూపాడు. పూర్తిగా నొక్కి వేళ్లన్నీ విప్పాడు.

ఆ సాయంత్రం పైక్ అందరినీ ఆఫీసులో కూర్చోబెట్టాడు.

"షరీఫ్ గారూ, ఒక్క గుండే పేల్చాలంటే దీని మీట ఎటు తిప్పాలి?"

షరీఫ్ గన్‌ని అటూ ఇటూ తిప్పి చూశాడు. మీట కనిపించలేదు.

"మీటే లేదు సార్!" నీనా ఆగలేకపోయింది. "సగం నొక్కితే ఒక్కటి, పూర్తిగా నొక్కితే వరస!"

"మూటకి గురిపెట్టినవాడు చంపాలనుకోలేదు. నేర్చుకుంటున్నాడు," అన్నాడు పైక్. "లోవెల్‌కి ఆ పని లేదు. పాఠం తప్పిపోయింది ఒక్కరికే. మార్చి ఆరున షరీఫ్ గారు భార్యని సాగనంపుతూ శ్మశానంలో ఉన్నారు."

తండ్రి పోయాక తనకు చేపలు పట్టడం నేర్పిన షరీఫ్‌ని లోవెల్ తలెత్తి చూడలేదు.

ఫ్లోరా షరీఫ్ ఎదుటికొచ్చి నిలబడింది. "ఎమ్మెట్, మేబెల్ పోయినప్పుడు వారం రోజులు నీకు సూప్ మోసుకొచ్చాను. నా పిల్లాడి మొహం చూసి చెప్పు."

షరీఫ్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆదివారం ఇంట్లో ఉండలేక వచ్చాను. గన్ వాడటం తెలీదని వీళ్లని అడగలేకపోయాను. చప్పుడు విని వచ్చిన లోవెల్ నా చేతిలోంచి గన్ తీసుకున్నాడు. ఒక్కటే పేలుతుందనుకున్నా, ఫ్లోరా."