గోపన్న మోటారు షెడ్డు

పత్తికొండ దాటినాక మట్టిరోడ్డు పక్కన, ఉల్లిగడ్డ చేల మధ్య ఒక మోటారు షెడ్డు ఉంది. చీకటి పడితే ఆ దారిన ఎవరూ పోరు. మూడేళ్ల కింద, వాన రాత్రి, ఆ చేను రైతు గోపన్న తడిచేత్తో స్టార్టరు ముట్టుకుని అక్కడికక్కడే పోయాడు. కొన్నాళ్ల నుంచి రాత్రి పదిన్నరకు ఆ మోటారు దానంతటదే ఆడుతుందంట. తలుపుకు తాళం... లోపల మనిషి లేడు... నీళ్లు మాత్రం కాలవలో పారుతుంటాయంట.

విన్నవాళ్లంతా హడలిపోయారు. వీరభద్ర ఒక్కడే పళ్లు కొరికాడు.

ఎందుకంటే గోపన్న కూతురు శివజ్యోతి అంటే వాడికి ప్రాణం. రోజూ రాత్రి ఎనిమిదింటి నుంచి ఇద్దరికీ మెసేజులే. తిన్నావా, ఏం కూర, నిన్న బస్సులో నన్ను చూసి మొహం తిప్పుకున్నావేం... పదిన్నర కాగానే మాత్రం ఆమె "ఉండు, వస్తా" అంటుంది. ఇక పది నిమిషాలు ఉలుకూ పలుకూ ఉండదు. ఆ కాసేపూ వీడు నిప్పుల మీద కూర్చున్నట్టు గిలగిలలాడేవాడు.

మొన్న వాళ్లింటికి పోయినప్పుడు, శివజ్యోతి మంచినీళ్లకని లోపలికి పోగానే, దొంగలాగా ఆమె ఫోను తీసి చూశాడు. రోజూ పదిన్నరకు ఒకే నంబరుకు కాల్. పేరు లేదు. నంబరు బట్టీ పట్టేశాడు.

దెయ్యమా, పాడా! ఎవడో ఆ షెడ్డులో చేరి, జనం రాకుండా ఈ కథ పుట్టించాడు. ఈమె వాడికి ఫోను చేసి... ఆపైన తలచుకోలేకపోయాడు.

ఆ రాత్రే పోయి షెడ్డు వెనక నక్కాడు. మెసేజ్ పెట్టాడు.

"ఏం చేస్తాండావు?"

"పండుకుంటాండా. నువ్వు యాడుండావు?"

"ఇంట్లో."

అబద్ధానికి అబద్ధం, చెల్లు అనుకున్నాడు. పదీ ఇరవై అయిదు. గోడకున్న బల్బు గుడ్డిగా వెలిగింది — చేల మోటార్లకు రాత్రిపూట ఇచ్చే త్రీఫేజు కరెంటు వచ్చింది. ఆ నంబరు నొక్కాడు.

షెడ్డు లోపల ఫోను మోగింది.

"దొరికినావురా..." అని గొణిగి తలుపు మీదికి ఉరికాడు. తాళం! బయటినుంచి వేసిన తాళం... లోపల మోత ఆగింది. ఎవరో ఎత్తారు.

"ఎవురు?" అన్నాడు మెల్లగా.

అవతలినుంచి సన్నగా గుయ్యిమని ఏదో చప్పుడు... టక్కుమంది — మోటారు భోరుమని లేచింది!

వీరభద్రకు ఇక ప్రేమా లేదు, పగా లేదు. చెప్పులు వదిలేసి చేనుకు అడ్డంపడి పరుగెత్తాడు. కాలవ గట్టున బురదలో బోర్లా పడ్డాడు. జేబులో ఫోను అదిరింది. శివజ్యోతి మెసేజ్.

"మా మోటారు నువ్వెందుకు ఆన్ చేసినావప్పా?"

"ఆడ... మీ నాయన దెయ్యముండాది జ్యోతీ!"

"దెయ్యం లేదు, ఏం లేదు. స్టార్టరుకు ఫోను బాక్సు పెట్టించినాం. దాంట్లో నాయన సిమ్ము ఉండాది. ఫోన్ కొడితే మోటారు ఆడుతాది. ఎవురు కొట్టినారో నాకు మెసేజ్ వస్తాది. ఇంక మా ఇంట్లో ఎవురూ రాత్రిపూట స్టార్టరు ముట్టకూడదని మా అమ్మ ఒట్టేయించుకునింది. దెయ్యమంటే రాగివైరు దొంగలు రారని ఈ సంగతి ఊర్లో చెప్పలే."

వీరభద్రకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఇన్నాళ్లూ కుళ్లుకున్నది ఒక మోటారును చూసా! పోయిన ప్రాణం లేచొచ్చింది. రేపే పోయి వాళ్లమ్మ హంపమ్మను పిల్లనడగాలి అనుకున్నాడు. ఫోను మళ్లీ అదిరింది.

"నాయన అని కనపడితే ఏడుపొస్తాదని పేరు గూడా తీసేసినా. ఆ నంబరు నీకెప్పుడూ ఇయ్యలే. నీకెట్ల దొరికింది?"

వాడు రాశాడు, చెరిపాడు. మళ్లీ రాశాడు, మళ్లీ చెరిపాడు. అవతల ఆమె ఆన్‌లైన్‌లోనే ఉంది... చూస్తోంది.

"నా ఫోన్ చూసినావా?"

వాడు "జ్యోతీ" అని మొదలుపెట్టేలోపే ఆమె బ్లాక్ చేసేసింది. నవ్వుతున్న ఫోటో పోయి, ఆ చోట ముఖం లేని బూడిదరంగు బొమ్మ మిగిలింది.