నాగసాని డైరీలో యుద్ధం

"కత్తి అట్ల పట్టుకుంటే మూడో దెబ్బకే సచ్చిపోతది."

ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద ఒక చేత్తో కాగితాలు చదువుతూ, రెండో చేత్తో గొడుగును కత్తిలా తిప్పుతున్న సుధామయి ఉలిక్కిపడి ఆగింది. రెండు మెట్ల కింద, భుజాన వెదురు కర్రతో, పొడుగాటి కుర్రాడు నిలబడి ఉన్నాడు.

"ఎవరు చచ్చిపోయేది?"

"నువ్వు చదువుతున్నవ్ కదా, ఆ నాగసాని."

"పక్కవాళ్ల రాతలు వినడం మీ హాబీనా?"

"గంత గట్టిగ చదివితే లైబ్రరీల ఉన్నోళ్లకు గూడ ఇనబడ్తది."

సుధామయికి ఒళ్లు మండింది. కానీ అతను చెప్పింది నిజమేనని లోలోపల తెలుసు.

తార్నాకలో అమ్మానాన్నలతో ఉంటూ హిస్టరీ ఎంఏ చదువుతున్న ఆమె ఏడాదిగా ఒక నవల రాస్తోంది. కాకతీయుల కాలంనాటి ఒక కోట. దాని మీదికి నీడల సైన్యం వస్తుంది. కోట కాపలాదారు నాగసాని రోజూ రాసుకునే డైరీయే కథంతా. ప్రచురణకర్తకు అన్నీ నచ్చాయి, యుద్ధాలు తప్ప. "పోలీసు రిపోర్టులా ఉన్నాయి. పైగా డైరీ రాసిందంటే బతికే ఉందని తెలిసిపోతోంది, ఇంక భయమెక్కడ? నెలలో తిరగరాసి పంపండి," అన్నారు.

"అయితే ఎలా పట్టుకోవాలో మీరే చూపించండి," అంది కోపంగానే.

అతను సాత్విక్. అంబర్‌పేట్ కుర్రాడు. వ్యాయామ విద్యలో ఎంపీఎడ్ చేస్తూ, పొద్దున్నే క్యాంపస్ గ్రౌండులో పిల్లలకు కర్రసాము నేర్పుతాడు. మర్నాటి నుంచి ఆ పిల్లల వరుసలో చివర సుధామయి కూడా నిలబడింది.

"కాళ్లు చూస్కో. డ్యాన్స్ గాదు ఇది."

"నాగసాని కాస్త స్టైల్‌గా కొట్టకూడదా?"

"స్టైల్‌గ కొట్టి స్టైల్‌గ పడ్తది."

రెండు వారాల్లో 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. దెబ్బలన్నిటికీ పేర్లు వచ్చాయి. అయినా కాగితం మీద యుద్ధం మాత్రం కదల్లేదు.

"కొట్లాటలో ఉన్నప్పుడు లోపల ఎలా ఉంటుంది?" అని అడిగితే సాత్విక్ మాట మార్చేసేవాడు.

ఒకరోజు ఆమె అడుగు తప్పింది. అతని కర్ర ఆమె మణికట్టుకు తగిలింది. చిన్న దెబ్బే. కానీ సాత్విక్ ముఖం పాలిపోయింది. కర్ర కింద పడేసి, ఐసు తెచ్చి ఆమె చేతికి పెట్టి వెళ్లిపోయాడు.

నాలుగు రోజులు ఫోనెత్తలేదు. ఐదో రోజు సుధామయి గ్రౌండుకెళ్తే, కర్రలన్నీ కట్ట కడుతూ కనిపించాడు.

"ఇంక నేర్ప."

"నా చెయ్యి బాగానే ఉంది, చూడు."

అతను చూడలేదు. కట్ట ముడి బిగిస్తూ అన్నాడు. "దినేష్ అని నా హాస్టల్ రూమ్మేట్. రెండేండ్ల కింద కర్రసాము పోటీల మా ఇద్దరికే ఫైనల్ పడ్డది. మ్యాచ్ ఏం యాదికి లేదు. వాని తాయెత్తు తెగి మట్టిల పడ్డది. గదే చూస్తున్న. అప్పటికే నా కర్ర దిగింది. భుజం బొక్క ఇరిగిన సప్పుడొకటి యాదున్నది. నాకేమో కప్పు చేతిల పెట్టిన్రు. దవాఖానకు పోలే. హాస్టల్ ఇడిచి ఇంటికొచ్చిన, మళ్ల వాని మొఖం సూడలే."

సుధామయి సంచిలో నోట్‌బుక్ ఉంది. తీయలేదు. అతని పక్కనే గడ్డిలో కూర్చుంది.

ఇద్దరూ లేచేటప్పుడు మాత్రం, "ఇది నాగసానికి ఇవ్వచ్చా? వద్దంటే రాయను," అంది.

అతను ఆలోచించాడు. "రాయి. గానీ ఆమె ఏడ్వాలె. నేను ఏడ్వలే."

మర్నాడు క్యాంటీన్‌లో ఒక కాగితం అతని ముందు పెట్టింది.

"ఈరోజు కోట నిలిచింది. ఎంతమందిని కొట్టానో తెలియదు. ఒక తాయెత్తు తెగి పడటం చూశాను. నీడ అనుకుని కొట్టాను. నీడకు తాయెత్తు ఉండదు. మల్లన్న నా జతగాడు. లేస్తాడని పిలుస్తూనే ఉన్నాను. చేతులు కడుక్కున్నాను. మళ్లీ కడుక్కున్నాను. ఇక రాయలేను, అక్షరాలు తడుస్తున్నాయి."

సాత్విక్ రెండుసార్లు చదివాడు. కళ్లు తుడుచుకోవడానికి సిగ్గుపడలేదు.

"పంపు," అన్నాడు.

పది రోజులకు ప్రచురణకర్త ఒప్పుకున్నట్టు మెయిల్ వచ్చింది. సుధామయి మొదట ఫోన్ చేసింది సాత్విక్‌కే.

"మస్తు!" అని అరిచాడు. "సుధా... దినేష్ బౌద్ధనగర్‌ల ఉంటుండు. పోదామనుకుంటున్న. నువ్వొస్తవా?"

తార్నాకలో ఆటో ఎక్కేసరికే వాన మొదలైంది. బౌద్ధనగర్‌లో దిగి, తడుస్తూనే తలుపు తట్టారు.

తలుపు తీసిన కడప కుర్రాడు దినేష్ కన్నార్పకుండా చూశాడు.

"రెండేండ్లకి తోవ తెలిసెనా రా నీకు?"

"మాఫ్ చెయ్‌రా," అన్నాడు సాత్విక్.

దినేష్ భుజం పైకెత్తి గుండ్రంగా తిప్పి చూపించాడు. "ఎముక ఎప్పుడో అతుక్కునె. నువ్వు రాలేదనే నా బాధంతా." దగ్గరికి లాక్కుని గట్టిగా వాటేసుకున్నాడు. తర్వాత అతని భుజం మీదుగా చూసి, "ఈ యమ్మి ఎవురు?" అన్నాడు.

"సుధామయి. ఈమె లేకుంటే ఇయ్యాల వచ్చేటోన్ని గాదు. మస్తు ఇష్టంరా నాకు. ఇంకా చెప్పలే."

"ఇప్పుడు చెప్తివి గదరా! ఆ యమ్మి ఈడనే ఉండాది!"

సాత్విక్ నాలుక్కరుచుకున్నాడు. వెనక్కి తిరగడానికి ధైర్యం చాల్లేదు.

"విన్నాను," అంది సుధామయి, జుట్టు లోంచి కారుతున్న వాన నీళ్లు తుడుచుకుంటూ. "నాకూ ఇష్టమే. లోపలికి పదండి ముందు, నిలువునా తడిసిపోతున్నాను."