ముప్పై తొమ్మిది అభిప్రాయాలు

2004 అక్టోబరు. మధ్యాహ్నం మూడింటికే రాజమండ్రి మీద మబ్బు కమ్మేసింది. గోదావరి గట్టు వీధిలో అప్పుడే లైట్లు వేసుకున్నారు. ఆశీర్వాదం ఇంటర్నెట్ సెంటర్లో మూడు కంప్యూటర్లు. రెండు ఖాళీ. మూడోదాని ముందు దుర్గాశ్రీ.

కాలేజీ డిబేట్లలో ఆ పిల్ల లేచి నిలబడితే చాలు, అవతలివాళ్లు కాగితాలు సర్దేసుకునేవారు. పుట్టి పెరిగింది రాజమండ్రిలోనే అయినా, ఇప్పుడా పట్టుదలంతా గోదావరి నడుమ లంకవాళ్ల కోసం 'మన మాట' అనే వెబ్‌సైట్ మీద పెట్టింది. ఊళ్ల సమస్యల మీద జనం ఏమంటున్నారో పోగుచేసే సైటది. ఈ నెల ప్రశ్న ఒక్కటే. ఏటా మునిగే నడిమిలంక జనానికి గట్టుకి ఇవతల ఇళ్లస్థలాలు ఇవ్వాలా? అవును, కాదు.

లంకలో గుమ్మం గుమ్మం ఎక్కి, పడవల రేవులో నిలబడి కాగితాల మీద రాయించుకొచ్చింది. పేరు, వయసు, ఊరు, ఒక్క మాట. అన్నీ తనే సైటులోకి ఎక్కించింది. తొమ్మిది వందల అరవై ఒకటి. అందరిదీ అవునే.

"వెయ్యిమంది అడిగారని చూపించమ్మా, ఫైలు మీద సంతకం పెట్టే వెళ్తాను" అన్నాడు, ఇళ్లస్థలాల ఫైలు చూసే ఆఫీసరు. ఈ సాయంత్రం ఐదింటికి ఆయన బదిలీ మీద వెళ్లిపోతున్నాడు.

ముప్పై తొమ్మిది తక్కువ.

సంచిలో పంచాయతీ ఆఫీసు నుంచి తెచ్చిన పాత ఓటర్ల జాబితా ఉంది. అందులో కొన్ని పేర్లని ఎర్ర సిరాతో కొట్టేశారు. లంక వదిలి వలసపోయినవాళ్లై ఉంటారు, అనుకుంది. మునకకి భయపడి పోయినవాళ్లు 'కాదు' అని చెబుతారా? తనతో తనే వాదించుకుంది. తనే గెలిచింది. వాటిలో ముప్పై తొమ్మిదిని 'అవును' కింద టకటకా ఎక్కించేసింది.

వెయ్యి!

"ఆశీర్వాదం గారూ, ప్రింటు తీయండి!"

అప్పుడే కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమంటోంది. టార్చితో వచ్చిన ఆశీర్వాదం జాబితానీ తెరనీ చూసి నిలబడిపోయాడు.

"ఈ ఎర్రగీతల పేర్లు ఎందుకు ఎక్కించారండీ?"

"ఊరొదిలి పోయినవాళ్లేగా?"

"పోయినవాళ్లేనండి..." గొంతు తగ్గించాడు. "ఎనభై ఆరు వరదలో. ఈ బుల్లెమ్మ మా మేనత్తండి. శవం కూడా దొరకలేదు."

దుర్గాశ్రీ గభాలున వెనక్కి తిరిగింది. తెర మీద అంకె కదిలింది.

అవును 999. కాదు 1.

బుల్లెమ్మ, 60, నడిమిలంక. 'ఎవరూ కదలొద్దు.'

998... 2. 'మా పక్కన చోటుంది.'

997... 3. 'ఇంకొంచెం జరుగుతాం, అందరూ పడతారు.'

మోడెంలోంచి, చెంబు నీళ్లలో మునుగుతున్నట్టు బుడబుడమని చప్పుడు. గదిలో వాసన మారింది. వరద తీసిన మర్నాడు ఇళ్లలో వచ్చే వాసన. ఒండ్రు... కుళ్లిన గడ్డి... ఇంకేదో.

"వైరు పీకెయ్యండి!" గుసగుసగా అంది.

ఆశీర్వాదం ఫోను వైరు పీకి చేత్తో పట్టుకున్నాడు. మోడెం మీద లైట్లు ఆరిపోయాయి. అంకె ఆగలేదు.

961... 39.

అక్కడ ఆగింది.

వైరు మళ్లీ పెట్టించి, ఒక్కొక్క పేరూ తీసేసింది. బుల్లెమ్మ దగ్గర ఆశీర్వాదం తల తిప్పుకున్నాడు. ముప్పై తొమ్మిదీ పోయాయి. కాదు దగ్గర సున్నా.

"ఇంకా వెళ్తారా అండీ?" అన్నాడు.

"వెళ్తాను. తొమ్మిది వందల అరవై ఒకటీ నిజాలేగా! వాటితోనే పోట్లాడతాను."

యూపీఎస్ ఆగిపోయేలోగా ప్రింటు వచ్చింది. ప్లాస్టిక్ సంచిలో చుట్టి, గుండెకి హత్తుకుని వానలో పరిగెత్తింది. ఐదుకి ఇంకా పది నిమిషాలుంది. ఆఫీసరు బల్ల మీద కాగితాలు విప్పింది.

"వెయ్యి లేరండి. ఉన్నవాళ్లంతా బతికున్నవాళ్లు. చాలదా?"

ఆయన ఆ పిల్ల మొహంలోకి చూశాడు. ఫైలు తెరిచి, పెన్ను మూత తీసి, పేజీలు తిప్పుతూ చివరి దాని దగ్గర ఆగాడు.

"ఒకరు కాదన్నారే?"

దుర్గాశ్రీ వంగి చూసింది.

దుర్గాశ్రీ, 22, నడిమిలంక. 'నేనూ ఇక్కడే ఉంటాను.'

"మరి ఈ పేరు ఎందుకమ్మా కొట్టేశారు?"

పేరు మీదుగా ఎర్రగీత. ఆశీర్వాదం ప్రింటర్లో ఉన్నది నల్ల రిబ్బను ఒక్కటే.

ఆమె వేలితో తాకి చూసింది. గీత ఇంకా తడిగా ఉంది.