తోడు పట్టీ

గాజు గదిలో మల్లేశ్వరి కూర్చుని నలభై నిమిషాలైంది. మెడ కింద, మోచేతుల దగ్గర, పెదవి పక్కన సన్నటి తీగలు అంటించారు. ఆమె కళ్ళు మూసుకుని కూనిరాగం తీస్తోంది. బయట స్క్రీన్ మీద అంకె పద్నాలుగు.

"హాయిగా ఉన్నారావిడ," అన్నాడు డాక్టర్ పరాంకుశం, రాసుకుంటూ.

"లేదు సార్," అంది పక్కన స్టూలు మీద కూర్చున్న ఆమె కూతురు జోషిత. పదకొండేళ్ళ పిల్ల. "అమ్మకిప్పుడు చచ్చేంత నొప్పిగా ఉంది."

"నీకెట్లా తెలుసమ్మా?"

"పాడుతోందిగా."

డాక్టర్ కలం ఆగింది.

ఇది ఇంకో పాతికేళ్ళ తర్వాతి ఒంగోలు. అక్కడ 'ఒంట్లో ఎలా ఉంది' అని ఎవరూ ఎవర్నీ అడగరు. మణికట్టు చూస్తారు. జబ్బుపడ్డ ప్రతివాళ్ళ చేతికీ వేదనా మీటర్ ఉంటుంది. పరాంకుశం కనిపెట్టిందే. అంకె అరవై దాటితే బస్సులో సీటిస్తారు, బెంచీ మీద జరిగి చోటిస్తారు, ఆస్పత్రిలో మూడు వారాలకోసారి ఇంజెక్షన్ ఇస్తారు. దాటకపోతే, "అంతా మీ మనసులోనే ఉందమ్మా, కాస్త యోగా చెయ్యండి" అని పంపేస్తారు.

మల్లేశ్వరిని తొమ్మిదేళ్ళుగా అలాగే పంపుతున్నారు. ఆమెది ఫైబ్రోమయాల్జియా. ఒళ్ళంతా నొప్పే, స్కాన్‌లో ఏమీ కనపడదు. ఇంట్లో జాకెట్లు కుడుతుంది. కుట్టుమిషన్ మీద వంగినప్పుడు భుజాల్లో నిప్పులు పోసినట్టుంటుంది. మూలిగితే పిల్ల బెదిరిపోతుందని, మూలుగు వచ్చినప్పుడల్లా దాన్ని పాటగా మార్చడం నేర్చుకుంది.

"పాటలు పాడే మనిషికి నొప్పులేందమ్మా?" అనేది అత్తగారు సుబ్బరత్తమ్మ, వీధి వీధంతా వినేట్టు.

మీటరూ సరిగ్గా అదే అనుకుంది. దాని పని తీరు సులువే. నొప్పి పుడితే చెమట పడుతుంది, గుండె వేగం పెరుగుతుంది, గొంతు బిగుస్తుంది. వాటన్నిటినీ కలిపి ఒక అంకె చెబుతుంది. నిన్న కాలు విరిగినవాడి దగ్గర అది పొరబడదు. తొమ్మిదేళ్ళుగా నొప్పితో కాపురం చేస్తున్న ఒంటికి మాత్రం దాచడం వచ్చేస్తుంది. అలాంటి ఒళ్ళు మీటర్‌ని కూడా మోసం చేస్తుంది.

పరాంకుశం ఆ రోజే ఆమె వెన్నులోంచి నీరు తీసి పరీక్ష చేయించాడు. ఆ పరీక్ష అబద్ధం చెప్పదు. రోజూ చేయడానికి మాత్రం కుదరదు, ఇంజెక్షన్ రూలు దాన్ని లెక్కలోకి తీసుకోదు. ఫలితం ఎనభై ఒకటి.

మర్నాడు తీగలు పిల్లకీ అంటించాడు.

గాజుకి అవతల తల్లి కూనిరాగం మొదలెట్టకముందే, నాలుగు సెకన్ల ముందే, ఇవతల జోషిత గుండె అదిరింది. తల్లి చేతివేలు ముడుచుకుంటే పిల్ల అరచేయి తడిసింది. నెల రోజులు చూశారు. వెన్ను నీరు తీసిన ప్రతిసారీ, పిల్ల గుండె చెప్పిన అంకె, నీరు చెప్పిన అంకె, రెండూ ఒకటే.

"అద్భుతం!" అన్నాడు పరాంకుశం. "పాపా, నువ్వు నా మీటర్ కంటే గొప్పదానివి."

జోషిత సిగ్గుపడింది. మల్లేశ్వరి కూడా నవ్వింది. ఆ నవ్వు తల్చుకుని తర్వాత చాలా రోజులు తనని తాను తిట్టుకుంది.

ఆ ఏడే తోడు పట్టీ వచ్చింది. పట్టీ పిల్లల చేతికి, అంకె తల్లి చేతికో తండ్రి చేతికో. ఊళ్ళో ఆరువందల మంది పిల్లలకి కట్టారు. మల్లేశ్వరి మణికట్టు మీద మొదటిసారి డెబ్భై ఎనిమిది వెలిగినప్పుడు సుబ్బరత్తమ్మ నోరు మూతపడింది. బస్సులో ఎవరో లేచి సీటిచ్చారు. ఇంజెక్షన్ పడ్డాక పది రోజులు భుజాలు తేలికగా ఉండేవి. ఆ పది రోజుల్లో ఆమె పిల్లకి రెండు జడలు వేసేది.

ఖోఖో టీచర్ కబురు పెట్టేదాకా అంతా బాగానే ఉందనుకుంది.

"మీ పాప కాళ్ళు లేడికాళ్ళండీ. కానీ వెనకనించి ఖో అంటే లేవదు. ఎక్కడో వింటూ కూర్చుంటుంది. టీములోంచి తీసేద్దామనుకుంటున్నా."

ఆ మధ్యాహ్నమే జోషిత బడి మధ్యలో ఇంటికి పరిగెత్తుకొచ్చింది. చెమటలు కక్కుతోంది.

"ఏమే, ఏమైంది?"

"ఏం కాలా. పొద్దున నువ్వు పాడలేదు. పడిపోయావేమోనని."

ఆ రోజు మల్లేశ్వరికి నొప్పి తక్కువగా ఉంది. అందుకే పాడలేదు.

ఆమె కుట్టుపని వదిలేసి పరాంకుశం గదికి వెళ్ళింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మీరు కొలుస్తున్నది నా నొప్పి కాదు సార్. నా బిడ్డ భయం."

"రెండూ ఒకే అంకె చూపిస్తున్నాయమ్మా. శాస్త్రానికి అది చాలు."

"శాస్త్రానికి చాలు. నా బిడ్డకో?"

"నేను కొత్తగా ఏమీ పెట్టలేదు. పాప ఎలాగూ గమనిస్తూనే ఉంది కదా?"

"ఎలాగూ గమనిస్తోంది కాబట్టి వాడుకుందామనుకున్నారు! ఇంక చూడక్కర్లేదు పాపా, పోయి ఆడుకో అని ఒక్కరన్నారా? తొమ్మిదేళ్ళు నా నోటితో నేను చెబితే నమ్మలా. నా బిడ్డ గుండె అదిరితే నమ్మారు. అదేం నమ్మకం సార్?"

పరాంకుశం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చెడ్డవాడు కాదు. అందుకే ఆమెకి మరీ మండింది.

"ఒక్క మాట చెప్పాలమ్మా," అన్నాడు నెమ్మదిగా. "పాప గమనించడం మానేస్తే అంకె పడిపోతుంది. అంకె పడిపోతే ఇంజెక్షన్ ఆగిపోతుంది. రూలు నా చేతుల్లో లేదు. ఆలోచించుకోండి."

బస్సులో ఆలోచించుకుంది. చేతి మీద ఎనభై వెలుగుతోంది, కూర్చోడానికి సీటుంది. పిల్లని మీటర్ చేసింది పరాంకుశం కాదు. తానే చేసింది. పిల్లకి రెండేళ్ళప్పటినించీ, ఒక్కో పాటతో కొంచెం కొంచెంగా.

ఇంటికెళ్ళి జోషితని ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"ఇంక నేను పాడను. నొప్పొస్తే నొప్పి అని నోటితోనే చెబుతా. చెప్పకపోతే లేనట్టే. నువ్వు కనిపెట్టక్కర్లేదు."

"నువ్వు అబద్ధం చెబితే?"

"చెప్పను. ఒట్టు."

"మరి నీ ఇంజెక్షన్?"

పిల్లకి అదీ తెలుసన్నమాట.

"అది నా గొడవ. నీది కాదు."

ఆ రోజునించి చెప్పడం మొదలెట్టింది. "భుజం మండుతోంది జోషీ. నువ్వు చెయ్యాల్సిందేం లేదు. అన్నం తిను." "ఇవాళ లేవలేకపోతున్నా. చచ్చిపోనులే. బడికి పో." మొదట్లో పిల్ల గుమ్మం దగ్గరే నిలబడిపోయేది. తర్వాత గేటుదాకా పోయి వెనక్కి చూసేది. తర్వాత చూడటం మానేసింది.

డెబ్భై. యాభై రెండు. ఇరవై ఆరు. తొమ్మిది.

ఇంజెక్షన్ తేదీకి ముందురోజు ఆస్పత్రినించి మెసేజ్ వచ్చింది. 'అభినందనలు. మీ వేదన తగ్గినట్టు నిర్ధారణ అయింది. చికిత్స ముగించబడింది.'

"నే చెప్పలా?" అంది సుబ్బరత్తమ్మ. "ఇన్నాళ్ళూ అంతా వేషమేగా."

పరాంకుశం స్వయంగా ఫోన్ చేశాడు. గొంతు తగ్గించి అన్నాడు, "ఒక్క పూట పాప దగ్గర కాస్త పాడండమ్మా. అంకె వచ్చేస్తుంది. మిగతాది నేను చూసుకుంటా."

మల్లేశ్వరి ఫోన్ పెట్టేసింది.

శనివారం జిల్లా ఖోఖో పోటీలు. జోషిత ఇంకా టీములోనే ఉంది. గ్రౌండ్ అంచున ఒకటే సిమెంటు బెంచీ. మల్లేశ్వరి దాని పక్కకెళ్ళి నిలబడింది. వెన్ను విరిగిపోతున్నట్టుంది. బెంచీ మీది పెద్దమనిషి ఆమె మణికట్టు చూశాడు. మూడు. కాళ్ళు ఇంకాస్త బారజాపుకున్నాడు.

పాట గొంతుదాకా వచ్చింది. మింగేసింది.

వరసలో మునికాళ్ళ మీద కూర్చున్న జోషిత తలెత్తి చూసింది. "అమ్మా, నొప్పా?" అని గట్టిగా అరిచింది, అందరూ వినేట్టు.

"చాలా!" అని అంతకంటే గట్టిగా అరిచింది మల్లేశ్వరి. "నువ్వు ఆట చూసుకో!"

బెంచీ మీది పెద్దమనిషి మళ్ళీ అంకె చూసి నవ్వుకున్నాడు.

వెనకనించి ఎవరో "ఖో" అన్నారు. జోషిత లేచి పరిగెత్తింది.