పన్నెండు దాకా బతకాల్సిన గైడ్

“పన్నెండు గంటల వరకు ఆ ముసలాయన ప్రాణాలతో ఉండాలి. నీ పని అంతే,” అంది గూఢచారి విభాగం పెద్ద ఎవ్‌యెనియా మేడమ్.

“పన్నెండు తర్వాత?” అడిగాడు స్తమాతిస్.

“ఉంటే ఇంకా మంచిది.”

ఆమె ఫైలు ముందుకు తోసింది. అనెస్తిస్ పగోనిస్, అరవై ఎనిమిదేళ్లు, లైసెన్స్ ఉన్న గైడ్. సోక్రటీసు గురించి, ప్రజాస్వామ్యం గురించి చెబుతూ ముప్ఫై ఏళ్లుగా ఏథెన్స్‌లో జనాన్ని నడిపిస్తున్నాడు. అందులో పదకొండేళ్లు అదే భుజం సంచిలో ఒక విదేశీ గూఢచారి ముఠా ఉత్తరాలు కూడా మోశాడు. కిందటి నెల తనంతట తానే వచ్చి, ఏడుస్తూ, అన్ని పేర్లూ చెప్పేశాడు. ఇవాళ పన్నెండుకి నాలుగు ఊళ్లలో ఒకేసారి దాడులు. ఈలోగా టూర్ రద్దయితే ముఠా చెల్లాచెదురవుతుంది. కాబట్టి ఆయన రోజూలాగే నడవాలి.

“వాళ్లకి అనుమానం వచ్చేసింది. ఇవాళ్టి గుంపులో హంతకుడు ఉంటాడని, ఆ ముఠాలోంచి మనకి సమాచారం ఇచ్చే రొక్సానీ కబురు తెచ్చింది. మనిషిని అక్కడే గుర్తుపట్టి చూపిస్తుందట.”

“ఆవిణ్ణి నమ్మొచ్చా?”

“నన్నడుగుతావేం? రెండేళ్లు ఆమెతో కాపురం చేసింది నువ్వు.”

స్తమాతిస్ ఫైలు మూశాడు. రొక్సానీ రెండు వైపులకీ పనిచేస్తుందని అతనికి తెలుసు. తెలిసినంత మాత్రాన ఆశ చావలేదు. అది అతని లోపల ఎక్కడో, లెక్కకు అందని చోట ఉండిపోయింది.

తొమ్మిదిన్నరకి పాత సంతమైదానం అగోరా గేటు దగ్గర అతను గైడుకు సహాయకుడి వేషంలో నీలం టీషర్టు వేసుకుని, ఎనిమిది మందికి ఇయర్‌ఫోన్లు పంచాడు. ఒక్కొక్కరి కోటు మీదా పేరు రాసిన స్టిక్కరు అంటించాడు. అనెస్తిస్‌ను పక్కకు పిలిచాడు.

“మాస్టారూ, మైకులో ‘బ్యాటరీ మార్చాలి’ అన్నానంటే ఉన్నచోటే పడుకోవాలి.”

“పడుకుంటే లేపేదెవరు నాయనా? మోకాళ్లు పోయాయి.”

“నవ్వులాట కాదు.”

“నాకూ తెలుసులే. నన్ను ఎరగా గుచ్చారని నువ్వు చెప్పాలా?” ముసలాయన సంచి సర్దుకున్నాడు. “పదకొండేళ్లు నోరు మూసుకున్నవాణ్ణి. భయపడే హక్కు కూడా పోగొట్టుకున్నాను.”

ఆ ఎనిమిది మందిలో ఒకతిగా రొక్సానీ నల్లకళ్లద్దాలతో, ద్రాక్షరంగు పట్టు స్కార్ఫుతో వచ్చింది. అమ్మకానికి పెట్టిన బొమ్మలు చూస్తున్నట్టు నటిస్తూ అతని పక్కన ఆగింది.

“ట్రైపాడ్ మోస్తున్న పొడుగాటివాడు. డెన్మార్క్ మనిషి.”

“ఖాయమా?”

“నువ్వెప్పుడు నమ్మావు గనక?”

అతను వెంటనే నమ్మాడు.

అక్కణ్ణుంచి డెన్మార్క్ మనిషికి జానెడు దూరంలో, చొక్కా కింద పిస్టల్ మీద చెయ్యి వేసుకుని నడిచాడు. చెవిలో అనెస్తిస్ గొంతు. ఏటా ఒకసారి ఈ ఊరి జనం కుండపెంకుల మీద ఒక పేరు గీసి, ఆ మనిషిని పదేళ్లపాటు వెళ్లగొట్టేవారట. నేరం రుజువు కానక్కర్లేదు. ఎక్కువమందికి ఇష్టం లేకపోతే చాలు. తన పెంకు మీద ఏ పేరు గీస్తాడో స్తమాతిస్ ఆలోచించాడు. తన పేరే తట్టింది.

“ఏంటి బాబూ, నీడలా తగులుకున్నావ్?” అన్నాడు డెన్మార్క్ మనిషి. “ఫోటో తియ్యనిస్తావా లేదా?”

పదకొండూ యాభైకి ప్నిక్స్ కొండ ఎక్కారు. చెట్టూ చేమా లేని రాతినేల. అనెస్తిస్ వేదిక ముందు నిలబడ్డాడు.

“ఇక్కడే ఆరువేలమంది కూర్చునేవారు. యుద్ధం కావాలా, వద్దా? చెయ్యెత్తి చెప్పేవారు. ఎత్తిన చెయ్యి పక్కవాడికి కనిపించేది. ఆ రోజు తప్పు చేసినా సరే, అందరి ఎదుటా చేశారు. నాలాగా...”

కింద చిన్న గుడిలో గంటలు మోగాయి. అది పునీత దిమిత్రిస్ గుడి. అక్టోబరు ఇరవై ఆరు, ఆయన పండుగ. ముసలాయన చూపు ముందు వరసలో బూడిదరంగు కోటుకున్న ‘దిమిత్రిస్’ స్టిక్కరు మీద ఆగింది. లారిస్సా ఊళ్లో మందుల షాపు ఉందని చెప్పుకున్న నెమ్మదస్తుడు. గుంపులో గ్రీకు మగవాడు అతనొక్కడే.

“అయ్యో, మర్చేపోయాను! దిమిత్రిస్, ఇవాళ నీ రోజు కదూ! నిండు నూరేళ్లు బతకవయ్యా. స్వీట్లేవి, పిసినారీ?” అంటూ చెయ్యి చాపాడు.

“పొరబడ్డారు,” అతను నవ్వి జేబులోంచి చెయ్యి తీశాడు. “నేను పుట్టింది మార్చిలో.”

స్తమాతిస్ డెన్మార్క్ మనిషిని వదిలేసి ఇటు తిరిగాడు. గ్రీసులో పుట్టినరోజు కన్నా పేరు పండుగే పెద్దది. లారిస్సాలో పెరిగిన దిమిత్రిస్ పుట్టినరోజు మర్చిపోతాడేమో గానీ, తన పేరుగల పునీతుడి రోజు మర్చిపోడు. పొద్దుట్నుంచీ ఫోన్ మోగుతూనే ఉంటుంది. ఎదురైన ప్రతివాడి నోరూ తీపి చెయ్యాల్సింది అతనే. ఇతనికెవరో పుట్టిన తేదీ కంఠతా పట్టించారు, పండుగ నేర్పలేదు.

“మాస్టారూ, బ్యాటరీ మార్చాలి!”

“ఉండవోయ్, ఆనక మారుద్దాం.” ముప్ఫై ఏళ్లలో మాట్లాడుతూ మాట్లాడుతూ ఆయన ఆగింది లేదు. చాపిన చెయ్యి అలాగే ఉంది.

స్తమాతిస్ దూకాడు. రెండు అరచేతుల మధ్య వేలెడంత సందు. హంతకుడి ఉంగరం లోపలివైపు చేపముల్లంత విషపు సూది మెరిసింది. అతని మణికట్టు పట్టి మెలిపెట్టాడు. పిడికిలి మూసుకుంది. సూది సొంత అరచేతిలోనే దిగింది. అసలు పేరుతో ఎవరో పిలిచినట్టు ఆ మనిషి ఆశ్చర్యంగా చూసి, రాతి మీద కూర్చున్నాడు. మళ్లీ లేవలేదు.

పదకొండూ యాభై ఏడు.

రొక్సానీ పారిపోలేదు.

“వేరేవాణ్ణి ఎందుకు చూపించావు?” అన్నాడు స్తమాతిస్.

“నువ్వు అటు చూస్తుంటే చచ్చేది ముసలాయనొక్కడే. వీణ్ణి పట్టుకోబోతే నువ్వు కూడా పోయేవాడివి.”

ఆ మాట కూడా నమ్మాలనిపించింది. అందుకే బేడీలు వేశాడు. కిందనుంచి పరుగెత్తుకొచ్చిన తన మనుషులకి ఆమెను అప్పగించాడు. పన్నెండు దాటాక మేడమ్ ఫోన్ చేసింది. నాలుగు ఊళ్లలోనూ దొరికారు.

శవం మీద ఎవరో కోటు కప్పారు. అనెస్తిస్ సంచి సర్దుకున్నాడు. మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది.

“సోక్రటీసును బంధించారంటారే, ఆ గుహ మిగిలింది. టికెట్‌లో ఉంది కాబట్టి నేను చూపించాలి. వద్దనేవాళ్లు చెయ్యెత్తండి.”

మిగిలిన ఆరుగురి చేతులూ జేబుల్లోంచి బయటికి రాలేదు.

“వ్యతిరేకం ఎవరూ లేరు,” అని ముసలాయన కొండ దిగసాగాడు.

తీర్మానం ప్రకారం అందరూ ఆయన వెంట నడవాలి. స్తమాతిస్ ఒక్కడే నడిచాడు.