చచ్చిన పెట్టె నడిచిన దారి

గోదావరిఖనిలో బాబూరావు కంప్యూటర్ రిపేరు షాపు పైన ఒక గది ఉంది. దాని తలుపు మీద 'జగదీశ్వర్, ప్రైవేటు పరిశోధకుడు' అన్న బోర్డు వేలాడుతుంది గాని, అది చదివి మెట్లెక్కినవాళ్లు మూడేళ్లలో పట్టుమని పదిమంది లేరు. జగదీశ్వర్ ముప్పయ్యేళ్లు బొగ్గు బావుల్లో సర్వేయరుగా చేసి, ముందుగానే రిటైరైన మనిషి. భీమవరం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ బాబూరావుకు ఆయనంటే గురి. షాపులో బేరం లేనప్పుడు, అంటే దాదాపు ఎప్పుడూ, పైగదిలోనే ఉండేవాడు. తనను తాను అసిస్టెంటునని చెప్పుకునేవాడు. జీతం సంగతి ఇద్దరూ ఎత్తేవారు కాదు.

రెండువేల పదకొండు మార్చిలో ఒక మిట్టమధ్యాహ్నం కనకవ్వ ఆ మెట్లెక్కింది. నలభై ఏళ్లుంటాయి. చేతిలో గుడ్డసంచి. కుర్చీ చూపిస్తే కూర్చోకుండా గోడకు ఆనుకుని నిలబడింది.

"నా పెనిమిటి సదయ్య నాలుగు నెలలాయె ఇంటికి రాక. ఉన్నడో లేడో చెప్పుండ్రి సారు. ఇంకేమొద్దు."

"పోలీసులేమన్నరు చెల్లె?" అన్నాడు జగదీశ్వర్.

"రైలెక్కి పోయిండన్నరు. ఎవతెనో తోల్కపోయిండన్నరు. ఉన్నడంటే ఎదురుచూస్త. లేడంటే ఏడుస్త. రెండూ చెయ్యలేక సస్తున్న."

బాబూరావు మంచినీళ్లు తెచ్చిచ్చాడు. ఆమె తాగి, కూర్చుని, ఒక్కొక్కటే చెప్పింది. కమాన్‌పూర్ దిక్కు ఓపెన్‌కాస్ట్ గనిలో బొగ్గు మీది మట్టిని తవ్వి పోసే ప్రైవేటు కాంట్రాక్టరు దగ్గర సదయ్య సర్వే హెల్పరు. అక్కడే సూపర్‌వైజరుగా ఉన్న ఆమె తమ్ముడు సంపత్ ఆ పని పెట్టించాడు. నవంబరు పదిహేడున ఎనిమిదింటికి డ్యూటీకని పోయిన సదయ్య మళ్లీ రాలేదు. మర్నాడు మంచిర్యాల స్టేషన్లో బెంచీ కింద అతని సంచి దొరికింది.

"డ్యూటీ దిగి ఎన్ని గంటలకొస్తడు?"

"అయిదు దాటినంకనే సారు. ఒక్కనాడు ముందుగాల రాలే."

"ఆ రోజు మీ ఇంటికి ఎవలన్న వచ్చిండ్రా?"

"ఎవలు రాలే. నాలుగు కాకముందు మా సంపత్ వచ్చి బావ ఇంటికొచ్చిండా అనడిగిండు. నీళ్లు తాగి పోయిండు, గంతే."

జగదీశ్వర్ ఏదో రాసుకున్నాడు. సంచి విప్పితే తువ్వాల, మూత తీయని టిఫిన్ డబ్బా, నల్లటి ఇటుకంత పెట్టె ఒకటి ఉన్నాయి. డబ్బాను ఆనాడే కడిగానని, అందులో అన్నం పెట్టింది పెట్టినట్టే ఉందని కనకవ్వ చెప్పింది. ఆ పెట్టె జీపీఎస్ పరికరం. ఆకాశంలోని ఉపగ్రహాలను బట్టి తానెక్కడుందో గుర్తుపట్టి రాసుకుంటుంది. ఇది పదేళ్ల కిందటిది.

"చచ్చిన పెట్టె, పిల్లలకు ఆడుకోనీకె ఇయ్యి అన్నడు తమ్ముడు. ఆఫీసోళ్లు గూడ వద్దన్నరు," అంది కనకవ్వ.

మర్నాడు ఇద్దరూ కమాన్‌పూర్ సైటుకు వెళ్లారు. సర్వేయరు జశ్వంత్ పాతికేళ్ల కుర్రాడు, వాళ్లది రాజమండ్రి. టేబుల్ మీద కొత్త కంప్యూటరు తళతళలాడుతోంది.

"సెప్టెంబర్‌లో వచ్చింది సార్, విండోస్ సెవెన్. ఆ పెట్టె తీగ తగిలించే చోటే లేదు దీనికి. కన్వర్టరు కొని పెడితే దాన్ని గుర్తుపట్టదు. పాత కంప్యూటరేమో తుక్కు కింద అమ్మేశారు. మేనేజరు గారికి మూడు సార్లు రాసిచ్చానండి."

"పెట్టె రాసుకున్నది పెట్టెల నిలువ ఉంటదా?"

"ఉంటుంది సార్. తీసే దారే లేదు."

"అయితె సర్వే బందు పెట్టినవా?"

జశ్వంత్ చూపు కిందికి దిగింది. "రిజిస్టర్లో పెట్టె రిపేరు అని రాశాం సార్."

సంపత్ బయట షెడ్డులో ఉన్నాడు. ముప్పయ్యయిదేళ్ల మనిషి, కళ్లకింద నల్లటి చారలు. జగదీశ్వర్ అడగకముందే చెప్పసాగాడు.

"అది చచ్చిన పెట్టె సారు. తెరనే వెలగది. సర్వే గిట్ల అప్పుడే బందయింది. మా బావ ఖాళీగ తిరిగేటోడు."

"నువ్వు ఆ రోజు ఫస్టు షిఫ్టు దిగి ఎటు పోయినవ్?"

"మూడింటికి బండి తీసుకొని ఇంటికి. ఈడనే, కమాన్‌పూర్."

దారిలో బాబూరావుకు కడుపుబ్బరం ఆగలేదు. "ఆ కుర్రాడేదో దాస్తున్నాడండీ. ఆడలేక మద్దెల ఓడన్నట్టు కంప్యూటరు మీద పెట్టేస్తున్నాడు."

"దాస్తున్నడు. కాని మద్దెల సుత ఓడే ఉన్నట్టున్నది. ముందుగాల దాన్ని మోగించు," అన్నాడు జగదీశ్వర్.

చెప్పినంత తేలిక కాదు. రెండు రోజులు బాబూరావు షాపు షట్టరు సగమే ఎత్తాడు. పెట్టె వెనక తొమ్మిది సూదుల పాత తీగ, కొత్త కంప్యూటరుకు చిన్న పలకలాంటి యూఎస్‌బీ రంధ్రం. నడుమ కన్వర్టరు పెట్టాడు. దానితో వచ్చిన డ్రైవరు ప్రోగ్రాము ఎక్కించగానే తెర మీద పసుపు త్రిభుజం వచ్చింది. కన్వర్టరులో ఉన్నది పాత చిప్పు. కొత్త డ్రైవరు దాన్ని కావాలనే వెలివేస్తుందని మొదటి రోజు సాయంత్రానికి తెలిసింది. రెండో రోజు పాత డ్రైవరు ఒకటి వెతికి ఎక్కించాడు. త్రిభుజం పోయింది. సంబరపడి పెట్టె ఆన్ చేశాడు. అంతే, మౌస్ బాణం పూనకం వచ్చినట్టు తెరంతా గెంతింది. ఫైళ్లు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. పెట్టె పంపే అంకెలను ఏదో పాత రకం మౌస్ కదలికలనుకుంది ఆ కంప్యూటరు. పరికరాల జాబితాలో ఆ దొంగ మౌసును వెతికి నిలిపేసేసరికి బాబూరావు చొక్కా తడిసిపోయింది. బాణం కుదురుకుంది. పెట్టె నోరు విప్పింది.

జగదీశ్వర్ మ్యాప్ మీద నవంబరు పదిహేడు చుక్కలు పరిచాడు. బాబూరావు టైములు చదివాడు, చదివి నిలిచిపోయాడు.

"పొద్దున్నే ఆరూ పదికి పెట్టె గనిలో కొలతలు తీసే సర్వే స్తంభం మీదుందండీ. ఆయన ఇల్లు కదిలింది ఎనిమిదింటికి కదా. మనిషికంటే పెట్టె ముందెలా వెళ్లింది?"

"దానికి మన టైం తెల్వది బాబూరావన్నా. అది లోకం మొత్తానికి ఒకటే టైం పట్టుకుంటది. మనం అయిదున్నర గంటలు కలుపుకోవాలె."

కలిపి చూశారు. పదకొండూ నలభై నుంచి పన్నెండూ ముప్పయ్యయిదు దాకా పెట్టె స్తంభం మీద కదలకుండా ఉంది. తర్వాత షెడ్డుకు పోయింది. మూడూ అయిదుకు బయల్దేరి, గోదావరిఖని మీదుగా, వంతెన దాటి మంచిర్యాల స్టేషను గేటు దాకా వెళ్లింది. అక్కడ రేకుల కిందికి వెళ్లగానే ఆకాశం కనపడక చుక్కలు ఆగిపోయాయి.

"అయితే బతికే ఉన్నాడండీ. మంచిర్యాల వెళ్లాడు," అన్నాడు బాబూరావు. నిజంగా సంతోషించాడు పాపం.

"పెట్టె పోయింది. మనిషి పోయిండని ఎవలన్నరు?" జగదీశ్వర్ వేలు గోదావరిఖనిలో ఒకచోట ఆగింది. అక్కడ చుక్కలు ముద్దగా ఉన్నాయి. మూడూ నలభై నుంచి పదకొండు నిమిషాలు. ఆయన కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. ఎల్లుండి అందర్నీ సైటు ఆఫీసులో కూర్చోబెట్టాలన్నాడు.

అనుకున్న రోజు మధ్యాహ్నం సైటు ఆఫీసు ఇరుకు గదిలో మేనేజరు, జశ్వంత్, సంపత్, స్థానిక ఎస్సై, కనకవ్వ ఉన్నారు. పెట్టెను వాళ్ల కంప్యూటరుకే తగిలించమన్నాడు జగదీశ్వర్, తర్వాత ఎవరూ వంక పెట్టకుండా. బాబూరావు దొంగ మౌసును నిలిపి, చుక్కలు తెర మీదికి తెచ్చాడు. జశ్వంత్ నోరు తెరిచి చూశాడు.

"రెండు దినాల పని ఇది," అన్నాడు జగదీశ్వర్. "సెప్టెంబర్ల చేసుంటె సదయ్య ఇయ్యాల ఇంట్ల ఉండేటోడు."

కనకవ్వ తల ఎత్తింది. ఆ మాటలోనే జవాబుందని ఆమెకు అర్థమైంది. గదిలో ముందుగా అర్థమైంది ఆమెకే.

"ఈ సంచిని స్టేషన్ల పెట్టినోడు పెట్టెను ఎందుకు తీసి పారెయ్యలే?" అన్నాడు జగదీశ్వర్. " అది చచ్చిందనుకున్నడు గనక. జశ్వంత్‌కు అది బతికున్నదని ఎరుక, ఆయనైతె దాన్ని ఉంచేటోడు కాదు. కాని జశ్వంత్ బాబూ, రిజిస్టర్ల రిపేరు అని రాసి, సదయ్యను మాత్రం రోజూ పంపినవు. అవునా?"

జశ్వంత్ తలూపాడు. "కొలతలు ఆగిపోతే నా ఉద్యోగం పోతుంది సార్. ఎప్పటికైనా కంప్యూటరు దారికొస్తే అన్నీ ఒకేసారి తీసుకుందామనుకున్నా."

"సర్వే ఉన్ననాడు ఎర్రజెండా పాతాలె. ఆ దిక్కు టిప్పర్లు మట్టి పొయ్యద్దు. రిజిస్టర్ల సర్వే లేదు, జెండా లేదు. సదయ్య పెట్టెను సంచితోని స్తంభం మీద పెట్టిండు. పాతది గద, ఒక్క గుర్తు పట్టనీకె ముప్పావు గంట తీసుకుంటది. ఆ సందుల, హెల్పర్లు రోజూ చేసేటట్టు, సున్నం డబ్బా పట్టుకొని మట్టి పోసిన గుట్ట మొదట్లకు దిగిండు, మట్టి ఎందాక రావచ్చో గీత గియ్యనీకె."

బయట టిప్పరు ఒకటి గేరు మార్చుకుంటూ పోయింది.

"టిప్పర్ల చిట్టాల రాసున్నది, పన్నెండింటికి వాటిని ఆ దిక్కుకు మళ్లించినవు సంపత్. కింద ఎవలు లేరనుకున్నవు. తప్పే, కాని అది పొరపాటు. పన్నెండు ముప్పయ్యయిదుకు స్తంభం మీది సంచి తీసినవు. ఆడ నుంచి చేసింది పొరపాటు కాదు. మూడింటికి ఇంటికి పోయిన్నంటివి. పెట్టె మంచిర్యాల పోయింది. నడుమ పదకొండు నిమిషాలు ఒక ఇంటి ముందర ఆగింది." జగదీశ్వర్ తెర మీద వేలు పెట్టాడు. "మీ అక్క ఇల్లు. అయిదు దాటినంక వచ్చే మనిషిని నాలుగు కాకముందే వచ్చిండా అనడిగినవు. సంచి బయట బండికి వేలాడుతున్నది."

సంపత్ కుర్చీలోంచి జారి నేల మీద కూర్చుండిపోయాడు. "పని బందు పెడ్తరని, నన్ను లోపలేస్తరని భయపడ్డ అక్కా. నిన్ను చూసి చెప్దామనే ఇంటికొచ్చిన. నీళ్లిచ్చినవు. చెప్పలేకపోయిన."

కనకవ్వ తమ్ముడి వైపు వంగింది. అరవలేదు.

"సంచి చూసినప్పుడు, బావ బతికి ఉన్నడా?"

"సున్నం గీత మట్టి కిందికి పోయింది. నేను చెవి పెట్టి విన్న అక్కా. ఏం చప్పుడు రాలే."

"ఎంతసేపు విన్నవు?"

"ఒక బీడీ కాలేంత సేపు," అన్నాడు.

"ఆ తర్వాత టిప్పర్లు ఆపినవా?"

"లే."

బాబూరావు కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. ఇన్నాళ్లూ డిటెక్టివు అసిస్టెంటు కావడం గొప్పనుకున్నాడు. దొంగ దొరికిన క్షణం ఇలా ఉంటుందని అతనికి ఎవరూ చెప్పలేదు. ఆ పెట్టె పలక్కుండా ఉంటేనే బాగుండేదని ఒక్క క్షణం అనిపించి, తన మీద తనకే రోత పుట్టింది.

ఎస్సై సంపత్‌ను లేపాడు. మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "ఆ గుట్ట తవ్వడమంటే నెలల పనండి. టిప్పర్లు ఆపాలన్నా హెడ్డాఫీసు నుంచి ఆర్డరు రావాలి. ఇవాళే మెయిల్ పెడతాను."

"శవం దొరికేదాక కేసు మిస్సింగ్ కిందనే ఉంటదమ్మా," అన్నాడు ఎస్సై కాస్త మెత్తగా. "ఏడేండ్లు దాటితె కోర్టుకు పోయి చనిపోయినట్టు కాగితం తెచ్చుకోవచ్చు. వీన్ని మాత్రం వదలం."

కనకవ్వ ఆ మాటలేవీ విన్నట్టు లేదు. ఆ జాగ చూపించమని జగదీశ్వర్‌ను అడిగింది.

ముగ్గురూ నడిచారు. స్తంభం ఎప్పుడో మట్టి కింద కలిసిపోయింది. జగదీశ్వర్ పెట్టె చెప్పిన అంకెలను తన చేతి పరికరంలో చూసుకుంటూ, గుట్ట వాలు ముందర ఆగాడు. అంతకంటే ముందుకు పోవడానికి లేదు.

"ఇక్కడ్నుంచి లోపలికి అరవై గజాలుంటది చెల్లె. పది గజాలు అటో ఇటో."

"మీద ఎంత మట్టున్నది సారు? మనిషి నిలువుతోని చెప్పుండ్రి."

ముప్పయ్యేళ్ల సర్వేయరు ఆ లెక్క వెంటనే చెప్పగలడు. అయినా చెప్పడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. "ఇరవై నాలుగు నిలువులు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తలెత్తి చూసింది. మూడు కొట్టింది. సెకండు షిఫ్టు టిప్పరు గుట్ట అంచుకు వెనక్కి వచ్చి తొట్టి ఎత్తింది. ఎర్రమట్టి జరజరా జారింది. దుమ్ము వాళ్ల మీదికి వచ్చేదాకా కనకవ్వ కదల్లేదు.

"ఇప్పుడింకింత ఎక్కువ," అంది.