వెనక గదిలో స్విచ్చు

దగ్గరికి జరగండమ్మా, ఇంకా దగ్గరికి. తలుపు పక్కన కూర్చున్నవాళ్లు కూడా ఇటు రండి — కథ మొదలయ్యాక ఎలాగూ అక్కడ కూర్చోలేరు. దేవుణ్ణి తలుచుకుని చెబుతున్నా.

ఓ ఇంట్లో వెనక గదికి చెడ్డపేరు. పెద్దాయన పోయినప్పటినుంచీ అందులో కంప్యూటర్ రాత్రిపూట దానంతటదే ఆరిపోయేది. బతికుండగా ఆయన ఇంట్లో స్విచ్చులన్నీ కట్టేసి గానీ మంచమెక్కేవాడు కాదు. ఇంకేముంది — ఆయనే తిరుగుతున్నాడన్నారు!

పెద్దకొడుక్కి ఇవేమీ పట్టవు. ఓ సాయంత్రం కంప్యూటర్‌కి కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించడం మొదలుపెట్టి, "అదే అయిపోతుందిలే" అని నిద్రపోయాడు. పొద్దున చూస్తే... సగంలో ఆరిపోయి ఉంది. మళ్లీ వేస్తే నల్లటి తెర, తెల్లటి అక్షరాలు.

అందులో ఏమున్నాయో తెలుసా? మనవరాలి కోసం పెద్దాయన తన గొంతుతో చెప్పి దాచిన కథలు. అవి వింటే తప్ప ఆ పిల్ల నిద్రపోదు. ఇంకెక్కడా లేవు.

చిన్నకోడలు కంప్యూటర్లు బాగుచేసే మనిషి. చూసి పెదవి విరిచింది. "ఫైళ్లు ఉన్నాయి బావగారూ. ఏది ఎక్కడుందో చెప్పే ఏర్పాటే చెడింది. వీధుల పేర్లన్నీ చెరిపేసిన ఊరనుకోండి. రేపు ఖాళీ డిస్కు కొని, ముందు నకలు తీసి..."

లోపల పిల్ల ఏడుపుకి ఇంటికప్పు ఎగిరిపోయేలా ఉంది.

"ఈ రాత్రే కానివ్వు తల్లీ!" అన్నాడు పెద్దకొడుకు.

"సరే. మధ్యలో ఆరిపోయిందో, ఉన్నదీ పోతుంది."

దణ్ణం పెట్టుకుని మరమ్మతు మొదలుపెట్టింది. ఆర్పేదెవరో తేల్చుకుందామని తెర కూడా ఆపేసి, చీకట్లో మూల కుర్చీలో కాపలా కూర్చుంది.

ఇల్లు సద్దుమణిగింది. డిస్కు మాత్రం... టక్... టక్...

తలుపు కిర్రుమంది.

వెనక నుంచి వంటింటి లైటు పడుతుంటే... తెల్లటి ఆకారం. అడుగుల చప్పుడు లేదు. గోడ పట్టుకుని మెల్లగా... స్విచ్చు వైపు చెయ్యి చాపింది...

కోడలు ఒక్క గెంతున ఆ చెయ్యి పట్టేసుకుంది. మంచుముక్కలా ఉంది!

"అమ్మో, దెయ్యం!" అని కెవ్వుమంది — దెయ్యమే!

చూస్తే అత్తగారు.

"మీరా అత్తయ్యా! నా గుండె ఆగిపోయింది."

"నాది ఆగలేదా? చీకట్లో నీకేం పనే?" ఆవిడ గొంతు తగ్గించింది. "మీ మావయ్య పోయాక స్విచ్చులు కట్టేసేవాళ్లెవరున్నారే... నేనే ఓసారి తిరుగుతున్నా."

"మేమంతా వణికి చస్తుంటే చెప్పలేదేం?"

"ఆయనే తిరుగుతున్నాడని మీరంటుంటే... వినడానికి బాగుండేదే."

కోడలు మెల్లగా తెర వేసింది. మరమ్మతు పూర్తయింది! పేర్లు పోయి ఒట్టి అంకెలతో వరసగా ఫైళ్లు. ఒకదాన్ని నొక్కింది.

దగ్గు... ఆ తర్వాత పెద్దాయన గొంతు. "కథ తర్వాత. ముందా లైటు కట్టేయండి!"

"కట్టేస్తున్నానండీ!" అంటూ అత్తగారు మళ్లీ స్విచ్చు మీదికి ఉరికింది. కోడలు ఆవిణ్ణి రెండు చేతులా వాటేసుకుంది. "ఇది కాదత్తయ్యా! వంటింటి లైటు కట్టేద్దురు గాని, రండి!"

ఇద్దరూ అటు తిరిగారు.

వంటింట్లో లైటు... ఆరిపోయి ఉంది.

ఎవరార్పారో ఆ ఇంట్లో ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోలేదు. దాని సంగతి దేవుడికే వదిలేద్దాం. మీరు మాత్రం ఇల్లు చేరగానే ఒక్క పని చెయ్యండి నాయనా — మీవాళ్ల గొంతు ఎక్కడ దాచుకున్నారో, దానికి నకలు తీసి ఇంకోచోట పెట్టండి. పక్కవాళ్లచేత కూడా చేయించండి.

వెళ్లేటప్పుడు ఆ లైటు కట్టేయండమ్మా... మనమే కట్టేద్దాం.